స్టార్ట్‌ఎక్స్ కొట్టగానే డెస్క్‌టాప్ రావాలంటే: ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ (లైనక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) గానీ, ఏదైనా లైనక్స్ గానీ ఎక్కించుకున్నవాళ్లు అందరూ దాదాపు ఒకే చోట ఆగిపోతుంటారు. ఇన్‌స్టాల్ అయింది, పాస్‌వర్డ్ తీసుకుంది, నల్ల తెర మీద కర్సర్ మెరుస్తోంది, మరి డెస్క్‌టాప్ ఏది? అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను ఎక్కువగా వాడేది ఫ్రీబీఎస్‌డీ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్, అందుకే ఉదాహరణలు అక్కడివే. లైనక్స్‌లో తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాను.

కమాండ్‌లను పలికినట్టే తెలుగులో రాశాను. మీ ఫైల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైప్ చేయండి, పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఏంటి? దాంతో నాకేం పని?

ఇది మీ హోమ్ ఫోల్డర్‌లో ఉండే ఒక మామూలు షెల్ స్క్రిప్ట్, అంటే కమాండ్‌లు వరుసగా రాసిన ఫైల్, అంతకు మించి ఏమీ లేదు. తెర మీద బొమ్మ గీసేది ఎక్స్ సర్వర్. అది 1984లో ఎంఐటీలో మొదలైంది, ఇప్పుడు మనం వాడుతున్న 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ఆ సర్వర్‌కి కిటికీలు, ప్యానెల్, మెనూ లాంటివేవీ తెలియవు, ఒట్టి ఖాళీ తెర ఇచ్చి ఊరుకుంటుంది. ఆ తెర మీద ఏం నడవాలో చెప్పేదే ఈ ఫైల్. మీరు స్టార్ట్‌ఎక్స్ అని కొట్టినప్పుడు అది ఎక్స్‌ఇనిట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది, ఎక్స్‌ఇనిట్ ముందు సర్వర్‌ను లేపి, తర్వాత మీ ఫైల్‌ను పై నుంచి కిందికి లైను తర్వాత లైను నడుపుతుంది. ఫైల్ పూర్తయిందంటే సెషన్ ముగిసినట్టే లెక్క, వెంటనే సర్వర్‌ను కూడా ఆపేస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే దీని మీద వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి కారణం మీకే తడుతుంది.

లాగిన్ తెర పెట్టుకుంటే సరిపోతుంది కదా, ఇదంతా ఎందుకు?

సరిపోతుంది. ఇంట్లో నలుగురు వాడే మెషీన్ అయితే లైట్‌డీఎం, ఎస్‌డీడీఎం లాంటి డిస్‌ప్లే మేనేజర్ పెట్టుకోవడమే మంచిది, బొమ్మ మీద నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే చాలు. కానీ మెమరీ తక్కువున్న పాత మెషీన్లో ఇంకో సర్వీస్ ఎప్పుడూ నడుస్తూ ఉండటం ఇష్టం లేనివాళ్లకి, మెషీన్‌ను ఒక్కరే వాడేవాళ్లకి, డెస్క్‌టాప్ కావాల్సినప్పుడు మాత్రమే లేపుకునేవాళ్లకి స్టార్ట్‌ఎక్స్ పద్ధతే హాయి. ఇంకో లాభం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. ఏదైనా చెడిపోయినప్పుడు మీరు ఇంకా కన్సోల్‌లోనే (ఆ నల్ల తెర మీదే) ఉంటారు, తప్పు సందేశం కళ్ల ముందే కనిపిస్తుంది.

వేలాండ్ వచ్చేసింది కదా, ఇది నేర్చుకోవడం దండగ కాదా?

వేలాండ్ అంటే ఎక్స్‌కి బదులుగా వస్తున్న కొత్త పద్ధతి. మీరు వాడే డెస్క్‌టాప్ గ్నోమ్ అయితే ఆ మాటలో నిజముంది. 2025 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. కేడీఈ వాళ్లు కూడా ప్లాస్మా 6.8 నుంచి వేలాండ్ మాత్రమే అని ప్రకటించారు. వేలాండ్ సెషన్లు ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీని అసలు చదవవు. కానీ ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, ఫ్లక్స్‌బాక్స్, ఓపెన్‌బాక్స్, ఐ3 వాడేవాళ్లకి ఎక్స్ ఇప్పటికీ రోజూ వాడే వస్తువే, పాత మెషీన్ల మీద అయితే మరీను. పైగా షెల్ స్క్రిప్ట్ ఎలా నడుస్తుందో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌లకు అందే సెట్టింగ్ విలువలు) ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళతాయో ఇక్కడ నేర్చుకుంటే రేపు ఏ సిస్టమ్‌కి మారినా అది వృథా పోదు.

ఫైల్ రాసే ముందు ఏమేం సిద్ధంగా ఉండాలి?

ఫ్రీబీఎస్‌డీలో అయితే నాలుగు పనులు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) `పీకేజీ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఆర్గ్ ఎక్స్‌ఎఫ్‌సీఈ` కొట్టండి. తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం డీఆర్‌ఎం-కేమాడ్ ప్యాకేజీ పెట్టి, సిస్టమ్ సెట్టింగ్స్ ఫైల్ ఆర్‌సీ.కాన్ఫ్‌లో కేఎల్‌డీ_లిస్ట్ అన్న చోట ఇంటెల్ అయితే ఐ915కేఎంఎస్ అని, కొత్తరకం ఏఎండీ అయితే ఏఎండీజీపీయూ అని చేర్చండి. మీ యూజర్‌ను వీడియో గ్రూపులో చేర్చండి: `పీడబ్ల్యూ గ్రూప్‌మాడ్ వీడియో -ఎం` అని రాసి పక్కన మీ యూజర్ పేరు. చివరగా డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సర్వీస్) ఆన్ చేయండి: `సిస్‌ఆర్‌సీ డీబస్_ఎనేబుల్=వైఈఎస్`, ఆ వైఈఎస్ మాత్రం పెద్ద అక్షరాల్లో. ఈ నాలుగూ అయ్యాక ఒకసారి రీబూట్ చేసి అప్పుడు ఫైల్ సంగతి చూడండి. చాలామంది వీడియో గ్రూపు మర్చిపోతారు, తర్వాత కిటికీలు జరిపితే నత్తలా కదులుతున్నాయని, ఎక్స్‌ఎఫ్‌సీఈ బరువైపోయిందని అనుకుంటారు.

లైనక్స్‌లో డ్రైవర్ చాలావరకు కెర్నెల్‌తోనే వస్తుంది కాబట్టి ఎక్స్‌ఆర్గ్, ఎక్స్‌ఇనిట్, మీకు కావాల్సిన డెస్క్‌టాప్, ఈ మూడు ప్యాకేజీలు ఉంటే చాలు. కొన్ని డిస్ట్రోల్లో ఎక్స్‌ఇనిట్ విడి ప్యాకేజీగా ఉంటుంది, స్టార్ట్‌ఎక్స్ కొడితే కమాండ్ దొరకలేదని వస్తే మీ దగ్గర లేనిది అదే.

## ఫైల్ రాయడం

ఫైల్ ఎక్కడ పెట్టాలి? పేరు సరిగ్గా ఎలా ఉండాలి?

మీ హోమ్ ఫోల్డర్‌లోనే, పేరు ముందు ఒక చుక్కతో: `~/.ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ`. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు ఉండవు, చివర టీఎక్స్‌టీ లాంటి తోక ఉండకూడదు. ముందు చుక్క ఉన్న ఫైళ్లు మామూలు ఎల్‌ఎస్‌లో కనిపించవు, `ఎల్‌ఎస్ -ఏ` అని కొడితే కనిపిస్తాయి. రూట్ హోమ్‌లో పెట్టినది మీ యూజర్‌కి వర్తించదు, ఎవరి ఫైల్ వాళ్లదే.

నెట్‌లో నలభై లైన్ల ఫైల్ దొరికింది, కాపీ చేసేయనా? అతి చిన్న ఫైల్ ఎలా ఉంటుంది?

దయచేసి కాపీ చేయకండి. ఆ నలభై లైన్లు ఎవరో తన మెషీన్ కోసం పదేళ్లుగా పోగేసుకున్నవి, అందులో సగం ప్రోగ్రామ్‌లు మీ దగ్గర ఉండవు, ఏ లైను వల్ల చెడిందో మీకు తెలియదు. ఎక్స్‌ఎఫ్‌సీఈకి కావాల్సింది ఇంతే:

```
#!/బిన్/ఎస్‌హెచ్
ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4
```

మొదటి లైను ఇది షెల్ స్క్రిప్ట్ అని చెబుతుంది. రెండోది డెస్క్‌టాప్‌ను లేపుతుంది. దీంతో డెస్క్‌టాప్ వచ్చిందని కళ్లారా చూశాక, మీకు కావాల్సిన లైన్లు ఒక్కొక్కటిగా ఆ రెండింటి మధ్యలో చేర్చుకోండి. ఒకటి చేర్చడం, ఒకసారి పరీక్షించడం. ఆలస్యం అనిపిస్తుంది కానీ, ఒకేసారి పది చేర్చి ఏది తప్పో వెతుక్కోవడం కన్నా ఇదే త్వరగా అవుతుంది.

ఎగ్జెక్ అన్న మాట ఎందుకు? తీసేస్తే ఏమవుతుంది?

తీసేసినా డెస్క్‌టాప్ వస్తుంది, భయపడక్కర్లేదు. ఎగ్జెక్ లేకపోతే స్క్రిప్ట్‌ను నడుపుతున్న షెల్ అలాగే ఉండి, డెస్క్‌టాప్ ముగిసేదాకా కాచుకుని కూర్చుంటుంది. ఎగ్జెక్ ఉంటే షెల్ తన చోటును డెస్క్‌టాప్‌కి ఇచ్చేసి తప్పుకుంటుంది, ఒక అనవసరమైన ప్రాసెస్ తగ్గుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎగ్జెక్ ఉన్న లైను కింద ఏం రాసినా అది ఎప్పటికీ నడవదు, ఎందుకంటే దాన్ని చదవాల్సిన షెల్ అప్పటికే లేదు. వాల్‌పేపర్ లైను చివర పెట్టి, అది పనిచేయడం లేదని గంటలు తలపట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. డెస్క్‌టాప్ లైను ఎప్పుడూ ఆఖరిదే.

& గుర్తు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

ఈ ఫైల్లో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. షెల్ ఒక లైను పూర్తయ్యేదాకా తర్వాతి లైనుకి వెళ్లదు. కొన్ని ప్రోగ్రామ్‌లు పని చేసి వెంటనే ముగుస్తాయి, ఉదాహరణకి కీబోర్డు లేఅవుట్ మార్చే సెట్ఎక్స్‌కేబీమ్యాప్, బీప్ శబ్దం ఆపే ఎక్స్‌సెట్. వీటికి & అక్కర్లేదు, పెట్టకపోతేనే మంచిది, ఎందుకంటే డెస్క్‌టాప్ వచ్చేలోపు వాటి పని పూర్తయి ఉంటుంది. ఇంకొన్ని మీరు మూసేదాకా నడుస్తూనే ఉంటాయి, ఉదాహరణకి ఎక్స్‌క్లాక్, ఎక్స్‌టర్మ్, కిటికీల నీడలు చూసుకునే పికమ్. వీటి చివర & పెట్టకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది, డెస్క్‌టాప్ లైను దాకా రాదు. ఖాళీ తెర మీద ఒక్క గడియారం మాత్రమే కనిపించిందంటే జరిగింది ఇదే. ఆ గడియారాన్ని మూస్తే అప్పుడు డెస్క్‌టాప్ వస్తుంది!

డెస్క్‌టాప్ లైను చివర మాత్రం & పెట్టకూడదు. పెడితే షెల్ డెస్క్‌టాప్‌ను పక్కకు పంపి, ఇంకేమీ లైన్లు లేవు కాబట్టి ముగిసిపోతుంది, ఫైల్ ముగిసింది కాబట్టి ఎక్స్‌ఇనిట్ సర్వర్‌ను ఆపేస్తుంది, సర్వర్ పోయింది కాబట్టి అప్పుడే లేస్తున్న డెస్క్‌టాప్ కూడా పోతుంది. రెండు సెకన్లు తెర మెరిసి మళ్లీ కన్సోల్. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే, డ్రైవర్ లోపమనుకుని ఒక సాయంత్రమంతా ఎక్స్‌ఆర్గ్ తీసేసి మళ్లీ ఎక్కించాను, తీరా చూస్తే తప్పంతా చివరి లైనులో ఉన్న ఆ ఒక్క గుర్తుదే.

నా డెస్క్‌టాప్‌కి ఏ కమాండ్ రాయాలి?

ఎక్స్‌ఎఫ్‌సీఈకి స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4, మాటేకి మాటే-సెషన్, ఎల్‌ఎక్స్‌క్యూటీకి స్టార్ట్‌ఎల్‌ఎక్స్‌క్యూటీ, సినమన్‌కి సినమన్-సెషన్, కేడీఈ ప్లాస్మాకి స్టార్ట్‌ప్లాస్మా-ఎక్స్11, ఫ్లక్స్‌బాక్స్‌కి స్టార్ట్‌ఫ్లక్స్‌బాక్స్, ఓపెన్‌బాక్స్‌కి ఓపెన్‌బాక్స్-సెషన్, ఐ3కి ఊరికే ఐ3. పాత వ్యాసాల్లో కేడీఈకి స్టార్ట్‌కేడీఈ అని కనిపిస్తుంది, ఆ పేరు ఇప్పుడు లేదు. మీరు వాడేది ఈ వరుసలో లేకపోతే `/యూఎస్‌ఆర్/షేర్/ఎక్స్‌సెషన్స్` ఫోల్డర్ చూడండి (ఫ్రీబీఎస్‌డీలో యూఎస్‌ఆర్ తర్వాత లోకల్ అని ఇంకో మెట్టు ఉంటుంది). అక్కడున్న ఒక్కో ఫైల్లో ఎగ్జెక్= అని మొదలయ్యే లైను ఉంటుంది, దాని పక్కనున్నదే మీకు కావాల్సిన కమాండ్.

స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అని నేరుగా కొడితే కూడా డెస్క్‌టాప్ వస్తోంది, మరి నా ఫైల్లోని మార్పులు కనిపించవేం?

ఎందుకంటే ఆ దారిలో మీ ఫైల్‌ను ఎవరూ చదవరు. స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 కూడా ఒక స్క్రిప్టే. అప్పటికే ఎక్స్ నడుస్తుంటే కేవలం సెషన్‌ను మొదలుపెడుతుంది, నడవకపోతే ఎక్స్‌ను కూడా తానే లేపుతుంది, అలా లేపినప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చిన సొంత ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీని వాడుతుంది. కాబట్టి కన్సోల్‌లో స్టార్ట్‌ఎక్స్ కొట్టడం అలవాటు చేసుకోండి.

ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వాలా?

అక్కర్లేదు. నేరుగా నడపలేకపోతే ఎక్స్‌ఇనిట్ ఆ ఫైల్‌ను షెల్‌కి ఇచ్చి నడిపిస్తుంది, చదివే అనుమతి ఉంటే చాలు. ఇచ్చినా నష్టం లేదు.

డీబస్ లైను పెట్టాలా వద్దా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు మెషీన్ల గురించి. సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రామ్) ఉన్న లైనక్స్‌లో మీరు లాగిన్ అవ్వగానే మీ పేరు మీద ఒక డీబస్ సిద్ధంగా ఉంటుంది, అక్కడ డీబస్-లాంచ్ అని ఇంకోటి లేపితే కొన్ని ప్రోగ్రామ్‌లు ఒకదాంట్లో, కొన్ని ఇంకోదాంట్లో మాట్లాడుతూ ఒకదానికొకటి కనిపించకుండా పోతాయి. నోటిఫికేషన్లు రాకపోవడం, పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకోకపోవడం ఇలాంటివే. సిస్టమ్‌డీ లేని చోట ఫ్లక్స్‌బాక్స్, ఐ3 లాంటివి వాడుతుంటే `ఎగ్జెక్ డీబస్-రన్-సెషన్ ఐ3` అని రాయడం మంచిది. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి పూర్తి డెస్క్‌టాప్‌లు సెషన్ బస్ లేకపోతే తామే లేపుకుంటాయి, ఫ్రీబీఎస్‌డీలో సిస్టమ్ డీబస్ సర్వీస్ ఆన్‌లో ఉంటే చాలు.

రెండు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి, ప్రతిసారీ ఫైల్ మార్చకుండా ఎంచుకోవచ్చా?

ఎంచుకోవచ్చు. ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ షెల్ స్క్రిప్టే కాబట్టి $1ని (కమాండ్ చివర మీరిచ్చిన మాటను) చూసి నిర్ణయం తీసుకునేలా ఒక కేస్ రాయండి, $1 ఐ3 అయితే `ఎగ్జెక్ ఐ3`, ఇంకేదైనా అయితే `ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4`. తర్వాత కన్సోల్‌లో `స్టార్ట్‌ఎక్స్ ~/.ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఐ3` అని కొట్టాలి. మధ్యలో ఫైల్ దారి ఇవ్వడం తప్పనిసరి. ఊరికే `స్టార్ట్‌ఎక్స్ ఐ3` అంటే స్టార్ట్‌ఎక్స్ మీ ఫైల్‌ను పక్కనపెట్టి, ఆ మాటను తన డిఫాల్ట్ ఎక్స్‌టర్మ్‌కి అందించేస్తుంది, మీరు అనుకున్నది జరగదు.

ఏ ప్రోగ్రామ్ ఈ ఫైల్లో పెట్టాలి, ఏది డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో పెట్టాలి?

నేను పాటించే లెక్క ఇది. ఎక్స్‌పోర్ట్‌తో మొదలయ్యేవన్నీ, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఈ ఫైల్లోనే, డెస్క్‌టాప్ లైనుకి పైన. తల్లి ప్రాసెస్ దగ్గరున్న వేరియబుల్స్ పుట్టేటప్పుడే పిల్ల ప్రాసెస్‌లకు అందుతాయి, పుట్టాక ఇవ్వడం కుదరదు. ప్యానెల్‌లో ఐకాన్ చూపించాల్సిన నెట్‌వర్క్ ఆప్లెట్ లాంటివి మాత్రం ప్యానెల్ వచ్చాక మొదలవ్వాలి, కాబట్టి వాటిని ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్స్‌లో సెషన్ అండ్ స్టార్టప్ దగ్గర చేర్చండి.

## తెలుగు, కీబోర్డు, తెర

డెస్క్‌టాప్‌లో తెలుగు టైప్ చేయాలి. ఐబస్ పెట్టాను, ఐకాన్ వచ్చింది, కానీ అక్షరాలు ఇంగ్లీషులోనే పడుతున్నాయి. ఎందుకు?

ఐబస్ అంటే మీరు నొక్కే కీలను తెలుగు లాంటి భాషల అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్. అది నడవడం ఒక్కటే చాలదు, ప్రతి ప్రోగ్రామ్‌కీ 'టైపింగ్ ఐబస్ ద్వారా తీసుకో' అని ముందే చెప్పి ఉండాలి. డిస్‌ప్లే మేనేజర్ ఉన్న చోట ఆ పని డిస్ట్రో వాళ్ల స్క్రిప్ట్‌లు చూసుకుంటాయి, స్టార్ట్‌ఎక్స్‌తో వస్తే మనమే చెప్పాలి. ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో డెస్క్‌టాప్ లైనుకి పైన ఈ నాలుగు చేర్చండి (ఎక్స్‌పోర్ట్ తర్వాత, మొదటి సమానం గుర్తుకి ముందున్న పేర్లు మాత్రమే పెద్ద అక్షరాలు):

```
ఎక్స్‌పోర్ట్ జీటీకే_ఐఎం_మాడ్యూల్=ఐబస్
ఎక్స్‌పోర్ట్ క్యూటీ_ఐఎం_మాడ్యూల్=ఐబస్
ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌మాడిఫయర్స్=@ఐఎం=ఐబస్
ఐబస్-డీమన్ -డీఆర్‌ఎక్స్
```

ఆ డీఆర్‌ఎక్స్‌లో డీ అంటే తనంతట తాను వెనక్కి వెళ్లి నడవడం, అందుకే చివర & అక్కర్లేదు. ఆర్ అంటే పాత ఐబస్ ఏదైనా ఉంటే దాని చోటు తీసుకోవడం, ఎక్స్ అంటే పాతకాలపు ఎక్స్ ప్రోగ్రామ్‌లకి కూడా పనిచేయడం. తర్వాత ఐబస్-సెటప్ తెరిచి తెలుగు చేర్చండి. ఎం17ఎన్ ప్యాకేజీ ఉంటే ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ ఇన్ని పద్ధతులు దొరుకుతాయి. డీటీపీ సెంటర్లలో యాపిల్ కీబోర్డు మీద చేయి తిరిగినవాళ్లు కూడా కొత్తగా ఇంకోటి నేర్చుకోనక్కర్లేదు, ఈ సంగతి తెలియక లైనక్స్ వదిలేసినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.

ఐబస్ లాంటివేవీ లేకుండా తెలుగు రాయలేమా?

ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు రాయగలరు, ఒక్క లైను చాలు: `సెట్ఎక్స్‌కేబీమ్యాప్ -లేఅవుట్ యూఎస్,ఐఎన్ -వేరియంట్ ,టీఈఎల్ -ఆప్షన్ జీఆర్‌పీ:ఆల్ట్_షిఫ్ట్_టాగుల్`. టీఈఎల్ ముందున్న కామా పొరపాటున పడింది కాదు, మొదటి లేఅవుట్‌కి వేరియంట్ ఏదీ లేదని చెప్పడానికే అది. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కీబోర్డు సెట్టింగ్స్‌కి వెళ్లి లేఅవుట్ దగ్గర సిస్టమ్ డిఫాల్ట్స్ వాడమని టిక్ పెట్టి ఉంచండి, లేకపోతే డెస్క్‌టాప్ వచ్చాక మీ లైనును తన సెట్టింగ్‌తో తుడిచేస్తుంది. అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు కనిపిస్తే అది ఫాంట్ లోపం, నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ ఎక్కించండి.

పది నిమిషాలకే తెర ఆరిపోతోంది, ఆపడం ఎలా?

ఫ్లక్స్‌బాక్స్, ఐ3 లాంటి వాటిలో `ఎక్స్‌సెట్ ఎస్ ఆఫ్ -డీపీఎంఎస్` అని డెస్క్‌టాప్ లైనుకి పైన రాస్తే సరి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో పవర్ మేనేజర్ తర్వాత వచ్చి ఆ సెట్టింగ్‌ను మార్చేస్తుంది, కాబట్టి అక్కడ పవర్ మేనేజర్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి.

## నడవనప్పుడు

తెర ఒకసారి నల్లగా మెరిసి మళ్లీ కన్సోల్‌కి వచ్చేస్తోంది. ఎక్కడ వెతకాలి?

ముందు టెన్షన్ పడి ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. `స్టార్ట్‌ఎక్స్ > ~/లాగ్ 2>&1` అని కొట్టి, వెనక్కి వచ్చాక ఆ లాగ్ ఫైల్ తెరిచి చూడండి. కమాండ్ దొరకలేదు అన్న అర్థంలో నాట్ ఫౌండ్ కనిపిస్తే ఫైల్లో పేరు తప్పు టైప్ చేశారు లేదా ఆ ప్యాకేజీ లేదు. ఏ తప్పూ కనిపించకుండా మామూలుగా ముగిసినట్టుంటే డెస్క్‌టాప్ లైను చివర & ఉందేమో చూడండి. నో స్క్రీన్స్ ఫౌండ్ అని వస్తే మీ ఫైల్‌ది తప్పు కాదు, సర్వరే లేవలేదు, డ్రైవర్ చూడాలి. దానికి సర్వర్ సొంత లాగ్ ఉంటుంది: ఫ్రీబీఎస్‌డీలో `/వార్/లాగ్/ఎక్స్‌ఆర్గ్.0.లాగ్` (ఎక్స్ పెద్ద అక్షరం), ఇప్పటి లైనక్స్‌లలో చాలావాటిలో మీ హోమ్‌లోని `.లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్` ఫోల్డర్‌లో. అందులో బ్రాకెట్లలో ఈఈ అన్న రెండు అక్షరాలున్న లైన్లు మాత్రం చదవండి, అవే తప్పులు. డబ్ల్యూడబ్ల్యూ అన్నవి హెచ్చరికలు, అవి ఆరోగ్యంగా ఉన్న మెషీన్లో కూడా బోలెడుంటాయి.

డెస్క్‌టాప్ రాలేదు, ఒక చిన్న గడియారం, మూడు టెర్మినల్ కిటికీలు వచ్చాయి. ఇవేంటి?

మీ ఫైల్ స్టార్ట్‌ఎక్స్‌కి దొరకలేదని అర్థం. దొరకనప్పుడు సిస్టమ్ అంతటికీ ఉన్న డిఫాల్ట్ ఫైల్ నడుస్తుంది, అది టీడబ్ల్యూఎం అనే పాత విండో మేనేజర్‌తో ఆ గడియారం, టెర్మినళ్లు తెరుస్తుంది. ఒకందుకు ఇది మంచి వార్తే, సర్వర్, డ్రైవర్, మౌస్ అన్నీ బాగున్నాయని తేలిపోయింది. ఎడమవైపు పెద్ద టెర్మినల్‌లో ఎగ్జిట్ అని కొడితే బయటికి వస్తారు. తర్వాత ఫైల్ పేరులో ముందు చుక్క ఉందా, అక్షరాలు తారుమారయ్యాయా, వేరే యూజర్ హోమ్‌లో పెట్టారా చూసుకోండి.

ఫైల్ మార్చి రీబూట్ కూడా చేశాను, ఏ మార్పూ కనిపించడం లేదు.

మీరు బొమ్మలున్న లాగిన్ తెర నుంచి వస్తున్నారా? అయితే అది ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీని చదవదు. ఈ ఫైల్ స్టార్ట్‌ఎక్స్ కోసం మాత్రమే. డెబియన్, ఉబుంటుల్లో ఎక్స్‌పోర్ట్ లైన్లను `~/.ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ`లో పెడితే డిస్‌ప్లే మేనేజర్ నుంచి వచ్చినా అందుతాయి.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. పేరు సరిగ్గానే ఉన్నా నాట్ ఫౌండ్ అంటోంది.

విండోస్ ప్రతి లైను చివరా కంటికి కనిపించని అదనపు గుర్తు ఒకటి పెడుతుంది, యూనిక్స్ దాన్ని కమాండ్ పేరులో భాగమనుకుంటుంది. `క్యాట్ -వీ` తో ఫైల్ చూస్తే లైన్ల చివర ^ఎం అని కనిపిస్తుంది. డాస్2యూనిక్స్ అనే ప్రోగ్రామ్‌తో తీసేయొచ్చు, లేదా ఎంత, రెండు లైన్లే కదా, అక్కడే వీఐలోనో నానోలోనో కొత్తగా టైప్ చేయండి.

ఒకసారి సుడోతో స్టార్ట్‌ఎక్స్ కొట్టాను. అప్పటినుంచి మామూలు యూజర్‌గా డెస్క్‌టాప్ రావడం లేదు.

సుడో అమరికను బట్టి, ఆ ఒక్కసారిలో మీ హోమ్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీద తయారై ఉంటాయి, ఇప్పుడు మీ యూజర్ వాటిలో రాయలేడు. `.ఎక్స్‌అథారిటీ`, `.ఐసీఈఅథారిటీ` అనే రెండు ఫైళ్లు తీసేయండి (మొదటిదాంట్లో ఎక్స్, రెండోదాంట్లో ఐసీఈ పెద్ద అక్షరాలు), హోమ్ ఫోల్డర్ మీదే కాబట్టి తీసేసే హక్కు మీకుంది, అవి మళ్లీ వాటంతటవే తయారవుతాయి. అప్పటికీ రాకపోతే `.కాన్ఫిగ్`, `.క్యాష్` ఫోల్డర్లను రూట్‌గా ఛోన్ (సీ, హెచ్, ఓ, డబ్ల్యూ, ఎన్) -పెద్ద ఆర్ తో మీ పేరు మీదికి మార్చండి. డెస్క్‌టాప్‌ను ఎప్పుడూ రూట్‌గా లేపకండి. బ్రౌజర్‌లో తెరిచిన ఏదో ఒక చెత్త పేజీకి మెషీన్ మొత్తం అప్పగించినట్టవుతుంది.

సర్వర్ ఇప్పటికే నడుస్తోందని, ఎక్స్0-లాక్ ఫైల్ తీసేయమని అంటోంది. తీసేయొచ్చా?

ముందు నిజంగా నడుస్తోందేమో `పీఎస్ ఏఎక్స్`తో చూడండి. ఇంకో కన్సోల్‌లో మీరే లేపి మర్చిపోయి ఉండొచ్చు, అక్కడ సేవ్ చేయని పని ఉండొచ్చు. ఎక్స్‌ఆర్గ్ ఎక్కడా లేకపోతేనే `/టీఎంపీ/.ఎక్స్0-లాక్` (ఎక్స్ పెద్ద అక్షరం) తీసేయండి. కరెంటు పోయి మెషీన్ ఆగినప్పుడు ఇది మిగిలిపోతుంటుంది.

తెర బిగుసుకుపోయింది, మౌస్ కదలడం లేదు. పవర్ బటన్ నొక్కేయనా?

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి, ఇంకో కన్సోల్ వస్తుంది. అక్కడ లాగిన్ అయ్యి `పీకిల్ ఎక్స్‌ఆర్గ్` అని కొట్టండి (ఎక్స్ పెద్ద అక్షరం). కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ నొక్కితే సర్వర్ ఆగిపోయే పాత సదుపాయం ఇప్పుడు డిఫాల్ట్‌గా ఉండదు, కావాలంటే `సెట్ఎక్స్‌కేబీమ్యాప్ -ఆప్షన్ టెర్మినేట్:కంట్రోల్_ఆల్ట్_బీకేఎస్‌పీ` అన్న లైను ఫైల్లో పెట్టుకోవచ్చు, అందులో కంట్రోల్‌ను సీటీఆర్‌ఎల్ అని రాయాలి. ఫ్రీబీఎస్‌డీలో కన్సోల్‌కి వెళ్లి మళ్లీ డెస్క్‌టాప్‌కి రావాలంటే ఆల్ట్, ఎఫ్9.

## రోజూ వాడేటప్పుడు

లాగిన్ అవ్వగానే స్టార్ట్‌ఎక్స్ దానంతటదే నడవాలంటే?

లాగిన్ షెల్ చదివే ఫైల్లో పెట్టాలి, ఫ్రీబీఎస్‌డీలో షెల్ ఎస్‌హెచ్ అయితే `~/.ప్రొఫైల్`, లైనక్స్‌లో బాష్ అయితే `~/.బాష్_ప్రొఫైల్`. కానీ ఊరికే పెట్టకూడదు, మొదటి కన్సోల్‌లో ఉన్నప్పుడు మాత్రమే అన్న షరతుతో పెట్టాలి. ఫ్రీబీఎస్‌డీలో టీటీవై కమాండ్ ఇచ్చే జవాబు `/డెవ్/టీటీవైవీ0` అయితే `ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్` అని ఒక ఇఫ్ రాయండి, లైనక్స్‌లో అదే జవాబు `/డెవ్/టీటీవై1`. ఈ షరతు ఉంటే రేపు ఫైల్లో ఏదైనా చెడిపోయి డెస్క్‌టాప్ రాకపోయినా రెండో కన్సోల్‌కి వెళ్లి మామూలుగా లాగిన్ అయ్యి సరిచేసుకోవచ్చు. షరతు లేకపోతే ఎటు నుంచి లాగిన్ అయినా అదే లైను అడ్డుపడుతుంది. బాష్‌ఆర్‌సీలో మాత్రం పెట్టకండి, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడుస్తుంది.

స్క్రీన్ లాక్ పెట్టాను కదా, స్టార్ట్‌ఎక్స్‌తో భద్రత సమస్య ఏమైనా ఉందా?

ఉంది, ఆఫీసులో హాస్టల్లో వాడేవాళ్లు తప్పక చూసుకోవాలి. మీరు కన్సోల్‌లో లాగిన్ అయ్యి స్టార్ట్‌ఎక్స్ కొట్టారంటే, ఆ కన్సోల్‌లో మీ షెల్ ఇంకా తెరిచే ఉంది. ఎవరైనా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 నొక్కి అక్కడికి వెళ్లి కంట్రోల్ సీ కొడితే డెస్క్‌టాప్ ఆగిపోతుంది, వాళ్ల చేతిలో మీ పేరుతో లాగిన్ అయి ఉన్న షెల్ ఉంటుంది, లాక్ ఎందుకూ పనికిరాలేదు. దీనికి మందు స్టార్ట్‌ఎక్స్‌కు బదులు ఎప్పుడూ `ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్` కొట్టడం. అప్పుడు డెస్క్‌టాప్ ఆగితే షెల్ మిగలదు, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఫ్రీబీఎస్‌డీలో మామూలు యూజర్‌గా మెషీన్ ఆపలేకపోతున్నాను.

మీ యూజర్‌ను ఆపరేటర్ గ్రూపులో చేర్చితే `షట్‌డౌన్ -పీ నౌ` పాస్‌వర్డ్ అడగకుండా పనిచేస్తుంది. కాకపోతే ఆ గ్రూపులో ఉన్నవాళ్లు డిస్క్ మీదున్నదంతా నేరుగా చదవగలరు, కాబట్టి మీరొక్కరే వాడే మెషీన్లో మాత్రమే అలా చేయండి. పిల్లలో స్నేహితులో వాడే అకౌంట్లను అందులో చేర్చకండి.